ఆయిల్ పోసినా మళ్లీ మెత్తబడే బోటు స్టీరింగ్: గాలి తీసే ముందు లీకును పట్టుకోండి

తర్వాత చదివేవారికి కూడా అర్థం కావాలి కాబట్టి మీ సమస్యను ముందుగా ఒకసారి చెబుతాను. కాకినాడ నుంచి హోప్ ఐలాండ్ వైపు పర్యాటకులను తిప్పే 24 అడుగుల ఫైబర్ బోటు. వెనక ఒకటే 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, దానికి హైడ్రాలిక్ స్టీరింగ్. ఈ చివర నుంచి ఆ చివరకు ఐదు చుట్లలో తిరిగే స్టీరింగ్ ఇప్పుడు ఏడు చుట్లు తీసుకుంటోంది, చేతికి మెత్తగా తగులుతోంది. ఆయిల్ మట్టం తగ్గుతోంది; ఆయిల్ పోసి గాలి తీస్తే కొన్ని రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. బోటులో ఎక్కడా ఆయిల్ కారిన జాడ లేదు. మెకానిక్ పంపు మొత్తం మార్చేయమంటున్నాడు, మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే మార్చవద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో పంపు చెడిపోయిందని తేల్చే ఆధారం ఒక్కటీ లేదు. ఆయిల్ మట్టం తగ్గుతోంది అంటే ఎక్కడో బయటకు పోతోంది. పోయిన ఆయిల్ స్థానంలోకి గాలి వస్తోంది. లీకు వెతకకుండా పదే పదే గాలి తీయించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. గాలి తీయడం అన్నిటికంటే చివర చేయాల్సిన పని. దాన్ని మొదట చేస్తే స్టీరింగ్ తాత్కాలికంగా గట్టిపడి, లీకును వెతకాలన్న ఆలోచనే పోతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది తేలేవరకు ఆ బోటులో పర్యాటకులను ఎక్కించకండి. వేగంగా పోతున్నప్పుడు ప్రొపెల్లర్ మోటారును ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడును ఆపుతున్నది సిలిండర్‌లో ఉన్న ఆయిల్ ఒక్కటే. అది చాలకపోతే మోటారు ఒక్కసారిగా పక్కకు తిరిగి, బోటు అక్కడికక్కడే మెలి తిరుగుతుంది. అంచు మీద కూర్చున్నవారు నీళ్లలో పడతారు. పరీక్ష కోసం నడిపేటప్పుడు కూడా ఇంజిన్ ఆపే తాడు మీ ఒంటికి తగిలించుకోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి, వేగం తగ్గించి నడపండి.

ఈ వ్యవస్థలో మూడే భాగాలున్నాయి. స్టీరింగ్ చక్రం వెనక హెల్మ్ పంపు ఉంటుంది. అందులోనే ఆయిల్ నిల్వ, చిన్న పిస్టన్లు, ఆయిల్ వెనక్కి తన్నకుండా ఆపే లాక్ వాల్వ్ ఉంటాయి. అక్కడి నుంచి రెండు గొట్టాలు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. చివర మోటారుకు బిగించిన సిలిండర్. మీ రకం మోటార్లలో సాధారణంగా రాడ్ కదలకుండా ఉంటుంది, సిలిండరే దాని మీద అటూ ఇటూ జరుగుతూ మోటారును తిప్పుతుంది. ఇలాంటి చేతి స్టీరింగ్‌లో ఒత్తిడి మితిమీరకుండా వదిలే రిలీఫ్ వాల్వ్ సుమారు 1000 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. అంత ఒత్తిడిలో ఆయిల్ దాదాపు నలగదు. గాలి మాత్రం నలిగి ఏమీ లేనట్టే అయిపోతుంది. అందుకే కొద్దిపాటి గాలి ఉన్నా చేతికి తెలుస్తుంది.

లెక్క కూడా వేయవచ్చు. మీ పంపు ఒక చుట్టుకు 28 సీసీ తోసే రకమైతే, సిలిండర్ 140 సీసీ పట్టేదైతే, ఐదు చుట్లు సరిపోతాయి. ఏడు పడుతున్నాయంటే 56 సీసీ ఎటో పోతోంది. లోపల సుమారు అంత గాలి ఉండాలి, లేదా అంత ఆయిల్ ఏదో సీల్‌ను (ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగును) దాటి జారిపోతుండాలి. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి పనిముట్లు అక్కర్లేదు.

బోటును ట్రెయిలర్ మీదో, ఒడ్డునో కదలకుండా పెట్టండి. హెల్మ్ మీద ఆయిల్ పోసే మూత తీసి, టార్చి వేసి మట్టం చూడండి. ఒకరు స్టీరింగ్‌ను ఒక చివరకు తిప్పి, ఆగిన తర్వాత ఇంకాస్త గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆ నొక్కుడుకు మట్టం కంటికి తెలిసేంతగా కిందికి దిగితే లోపల గాలి ఉన్నట్టే. పంపు తోసిన ఆయిల్ గాలిని నలిపి ఆ జాగాలోకి పోతోంది కాబట్టి మట్టం దిగుతుంది. మట్టం కదలకుండా చక్రం మాత్రం జారుతూ తిరుగుతుంటే, ఆయిల్ లోపల్లోపలే ఒక వైపు నుంచి మరో వైపుకు పోతోంది. చాలా గట్టిగా నొక్కినప్పుడు నెమ్మదిగా కొద్దిగా జారడం చాలా పంపుల్లో మామూలే, దానికి భయపడకండి.

రెండో పరీక్ష మోటారు దగ్గర. ముందు బోల్టులు, బ్రాకెట్లు వదులుగా లేవని చూసుకోండి, లేకపోతే ఆ కదలికను గాలి అనుకుంటారు. తర్వాత మోటారు కింది భాగాన్ని పట్టుకుని పక్కకు బలంగా నెట్టండి, ఇంకొకరు స్టీరింగ్‌ను గమనించాలి. మోటారు కదిలి, వదలగానే వెనక్కి వస్తే గాలి ఉంది. మోటారుతో పాటు స్టీరింగ్ చక్రం కూడా దానంతట అదే తిరిగితే హెల్మ్‌లోని లాక్ వాల్వ్ పట్టడం లేదు. చక్రం కదలకుండా మోటారు మాత్రం మెల్లగా జరిగి అక్కడే ఉండిపోతే సిలిండర్ లోపలి పిస్టన్ సీల్ పోయి ఉండాలి. ఆయిల్ తగ్గుతోందని మీరే చెప్పారు కాబట్టి మీ బోటులో మొదటిదే కనిపిస్తుందని నా అంచనా.

ఇక ఆయిల్ ఎక్కడికి పోతోంది? జాడ లేదన్నారు. జాడ ఉంటుంది, కానీ మీరు చూసే సమయానికి అది మిగలదు. ఇలాంటి బోట్లలో ఎక్కువగా కారేది సిలిండర్ రాడ్ సీల్ దగ్గర. అది నీటి మట్టానికి దగ్గరగా ఉంటుంది, నడుస్తున్నంతసేపూ ఉప్పునీటి జల్లు దాన్ని కడిగేస్తూనే ఉంటుంది. రేవుకు వచ్చి చూస్తే రాడ్ శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. అందుకే తడి బోటు మీద లీకు వెతకకండి.

ఇలా చేయండి. బోటును ఒడ్డుకు తీసి సిలిండర్, రెండు వైపుల రాడ్, గొట్టాల చివర్లు, హెల్మ్ వెనక భాగం సబ్బు నీటితో కడిగి, మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. అసిటోన్, థిన్నర్ వాడవద్దు, సీళ్లు పాడవుతాయి. ఆరిన తర్వాత ప్రతి ఫిట్టింగ్ చుట్టూ, రాడ్ సిలిండర్‌లోకి వెళ్లే చోట చుట్టూ కొద్దిగా టాల్కం పౌడరు చల్లండి. హెల్మ్ కింద తెల్ల కాగితం పరవండి. అప్పుడు స్టీరింగ్‌ను ఒక చివరకు తిప్పి అర నిమిషం నొక్కి పట్టండి, రెండో చివరకు తిప్పి అలాగే చేయండి. మోటారును పైకి లేపి మళ్లీ చేయండి, పూర్తిగా దించి మళ్లీ చేయండి. కొన్ని గొట్టాలు మోటారు లేపినప్పుడు బిగుసుకుని, క్రింప్ (గొట్టం చివర లోహపు తొడుగు నొక్కి బిగించిన చోటు) దగ్గర మాత్రమే ఊరతాయి. తర్వాత రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే లీకున్న చోట పౌడరు ముద్దకట్టి, రంగు మారి కనిపిస్తుంది. సన్నటి ఊట అయితే వెంట్రుక వాసి గీతలా ఉంటుంది, టార్చిని పక్క నుంచి వేసి చూడాలి.

రాడ్ సీల్ దగ్గర తడి కనిపిస్తే, కొత్త సీల్ కిట్ కొనేముందు రాడ్‌ను పరీక్షించండి. బొటనవేలి గోరుతో రాడ్ పొడవునా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ తుప్పు గుంటో గీతో ఉంది. అలాంటి రాడ్ మీద కొత్త సీల్ వేసినా కొద్ది రోజుల్లోనే చిరుగుతుంది. రాడ్ మార్చాలి, లేదా సిలిండర్ మార్చాలి. రాడ్ నున్నగా ఉండి, దాని మీద ఉప్పు గట్టిపడి ఉంటే, కారణం ఆ ఉప్పే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కదా. ఆ 61 రోజులు ఎండలో కదలకుండా పడి ఉన్న బోట్లలో, నిషేధం ఎత్తేయగానే మొదటి ప్రయాణంలో సీళ్లు పోవడం ప్రతి సీజన్లో చూస్తాను. రాడ్ మీద ఎండిపోయిన ఉప్పు మొదటి తిప్పుడుకే సీల్ అంచును కోస్తుంది. మీది వేట బోటు కాకపోయినా వానాకాలంలో పక్కన పెడితే ఇదే జరుగుతుంది. పక్కన పెట్టేముందు రాడ్‌ను మంచినీటితో కడిగి, తుడిచి, పల్చగా మెరైన్ గ్రీజు రాయండి.

సీల్ మార్చేటప్పుడు చాలామంది పట్టించుకోని చోటు ఒకటుంది. రాడ్ చివర మర ఉంటుంది. కొత్త సీల్‌ను నేరుగా ఆ మర మీదుగా తోస్తే, మర అంచులు సీల్ పెదవిని కంటికి కనిపించనంత సన్నగా కోస్తాయి. కొత్త సీల్ వేసిన రోజే కారడానికి కారణం చాలాసార్లు ఇదే, కానీ అందరూ కిట్ నాసిరకమని తిట్టుకుంటారు. మర మీద పల్చటి ప్లాస్టిక్ టేపు నున్నగా చుట్టి, ఆయిల్ రాసి, సీల్‌ను మెల్లగా జరపండి. సీల్ పెదవి సిలిండర్ లోపలి వైపుకు, అంటే ఒత్తిడి వచ్చే వైపుకు ఉండాలి. ఒక వైపు సీల్ పోతే రెండో వైపుదీ మార్చేయండి. విప్పిన లాక్ నట్లను మళ్లీ వాడకండి, నైలాన్ పట్టు ఒకసారి విప్పితే పోతుంది.

సిలిండర్ దగ్గర పొడిగా ఉంటే హెల్మ్ చూడండి. డ్యాష్‌బోర్డు వెనకకు తల దూర్చి, గొట్టాల ఫిట్టింగుల కింద వేలు పెట్టి తడిమితే జిడ్డు తెలుస్తుంది. అక్కడ కారిన ఆయిల్ గొట్టాల వెంట జారి, వైర్లు పోయే పైపులోంచి బోటు అడుగుకు చేరుతుంది. మీకు జాడ కనిపించకపోవడానికి ఇదీ కారణం కావచ్చు. బోటు అడుగున నిలిచిన నీటి మీద రంగుల పొర తేలుతోందేమో చూడండి. అయితే దాన్ని అలాగే సముద్రంలోకి తోడేయకండి, పీల్చే గుడ్డతో ఆయిల్ తీసేయండి.

ఫిట్టింగ్ కారుతుంటే స్పానర్ పెట్టి ఇంకా బిగించడమే అందరికీ వచ్చే ఆలోచన. ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) ఉన్న ఫిట్టింగ్ ఎంత బిగించినా లాభం లేదు, ఓ-రింగ్ మార్చాలి. మరతోనే మూసుకునే ఫిట్టింగ్‌కు ద్రవరూపంలో దొరికే సీలెంట్ రాయాలి. తెల్ల టెఫ్లాన్ టేపు మాత్రం చుట్టకండి. దాని పీలికలు ఊడి ఆయిల్‌తో పాటు వెళ్లి లాక్ వాల్వ్ కింద ఇరుక్కుంటాయి. అప్పుడు బయటి లీకు ఆగి, లోపలి లీకు మొదలవుతుంది. పంపు అల్యూమినియం కాబట్టి అతిగా బిగిస్తే చీలిపోతుంది కూడా.

స్టీరింగ్ చక్రం ఇరుసు దగ్గర ఆయిల్ ఊరితే ఇరుసు సీల్ పోయింది. అది చిన్న విడిభాగం, దానికోసం పంపు మార్చనక్కర్లేదు. చక్రం ఊడదీయడానికి పుల్లర్ వాడించండి. సుత్తితో ఇరుసు మీద కొడితే లోపలి పిస్టన్లు దెబ్బతింటాయి, అప్పుడు నిజంగానే పంపు మార్చాల్సి వస్తుంది. మూతకు గాలి రంధ్రం ఉన్న రకమైతే అది ఉప్పుతోనో రంగుతోనో మూసుకుపోయిందేమో చూడండి. మూసుకుపోతే ఎండకు ఆయిల్ వ్యాకోచించి ఇరుసు సీల్ మీదుగా బయటకు తోసుకొస్తుంది. అలాగే పొద్దున చల్లగా ఉన్నప్పుడు అంచు వరకు నింపితే మధ్యాహ్నానికి మూత దగ్గర పొంగుతుంది, అది లీకు కాదు. మూత మర అడుగు అంచు వరకు ఉంటే చాలు.

రెండు చోట్ల స్టీరింగ్ ఉన్న బోట్లవారికి ఒక్క మాట. గాలి రంధ్రం ఉన్న మూత పైదానికే ఉండాలి, కిందిదానికి రంధ్రం లేని మూత వేయాలి. అటూ ఇటూ మారితే పై నుంచి దిగిన ఆయిల్ కింది మూత గుండా పొంగిపోతుంది. ఇక లోపలి ఇంజిన్, చుక్కాని ఉన్న బోట్లలో సిలిండర్‌కు ఒకే వైపు రాడ్ ఉంటుంది కాబట్టి కుడికీ ఎడమకూ చుట్ల లెక్క కొద్దిగా తేడా రావడం సహజం. దాన్ని గాలి అనుకుని తంటాలు పడకండి.

ఇప్పుడు మీ మెకానిక్ చెప్పిన పంపు సంగతి. బయట ఎక్కడా లీకు దొరక్కపోతేనే, లేదా మోటారును నెట్టినప్పుడు చక్రం తిరిగితేనే ఈ పరీక్ష అవసరం. హెల్మ్ వెనక రెండు గొట్టాలూ విప్పి, సరైన మర ఉన్న ప్లగ్గులతో పంపు రెండు రంధ్రాలూ మూసేయండి. కింద డబ్బా పెట్టుకోండి. ఇప్పుడు చక్రం తిప్పితే రెండు వైపులా రాయిలా ఆగాలి. ఆగితే పంపు బాగుంది, మీ డబ్బు మిగిలింది. తేలిగ్గా తిరుగుతూనే ఉంటే తప్పు పంపులోనే, కానీ అప్పుడు కూడా ముందుగా లాక్ వాల్వ్ విప్పి శుభ్రం చేయించండి, అందులో చిన్న నలుసు ఉన్నా ఇదే లక్షణం. పంపు ఆగితే గొట్టాలు మళ్లీ తగిలించి, ఈసారి సిలిండర్ దగ్గర విప్పి, గొట్టాల చివర్లకు ప్లగ్గులు పెట్టండి. లైనులో గాలి లేకుండా చూసుకుని తిప్పాలి. అక్కడా గట్టిగా ఆగితే గొట్టాలు బాగున్నాయి, ఇక మిగిలింది సిలిండర్ పిస్టన్ సీల్ ఒక్కటే. ఈ పరీక్షను మీ మెకానిక్ మీ ఎదుటే చేసి చూపించమనండి. చేయకుండా పంపు మార్చమంటే ఒప్పుకోకండి.

లీకు మూసిన తర్వాతే గాలి తీయడం. ఇద్దరు కావాలి, కనీసం రెండు లీటర్ల ఆయిల్ సిద్ధంగా ఉండాలి. హెల్మ్ మూత చోట ఆయిల్ సీసాను పారదర్శక గొట్టంతో తలకిందులుగా బిగించి, సీసా అడుగున చిన్న రంధ్రం పెట్టండి. పని అయ్యేవరకు ఆ గొట్టంలో ఆయిల్ తెగిపోకూడదు. ఒక్కసారి తెగి గాలి మింగితే పని మళ్లీ మొదటి నుంచి చేయాలి. స్టీరింగ్‌ను పూర్తిగా కుడికి తిప్పండి, సిలిండర్‌కు కుడి వైపున రాడ్ ఎక్కువగా బయటపడుతుంది. కుడి బ్లీడర్‌కు (సిలిండర్ చివర గాలి వదలడానికి ఉండే చిన్న స్క్రూకు) పారదర్శక గొట్టం తగిలించి, దాని రెండో చివర సీసాలో ఆయిల్‌లో మునిగేలా పెట్టి, బ్లీడర్ తెరవండి. ఒకరు సిలిండర్‌ను కదలకుండా పట్టుకోవాలి, రెండోవారు స్టీరింగ్‌ను ఎడమకు మెల్లగా తిప్పాలి. మొదట నురుగు, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే, తిప్పడం ఆపకుండా, బ్లీడర్ మూసేయండి. ఆపి మూస్తే చివరి గుక్క గాలి లోపలికి పోతుంది. తర్వాత స్టీరింగ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి, ఎడమ బ్లీడర్ తెరిచి, కుడికి తిప్పుతూ ఇదే పని చేయండి. తొందరపడి వేగంగా తిప్పితే ఆయిల్ నురగవుతుంది, ఆ నురుగు ఎంతసేపటికీ పోదు. బయటకు వచ్చిన ఆయిల్‌ను వెంటనే తిరిగి పోయవద్దు, బుడగలు తేరుకునేవరకు ఒక రోజు ఉంచాలి. పాలరంగులో వస్తే అందులో నీరు కలిసింది, దాన్ని పారేసి వ్యవస్థ మొత్తం కొత్త ఆయిల్‌తో కడగాలి.

ఏ ఆయిల్ అనేది మీ స్టీరింగ్ తయారీదారు పుస్తకంలో ఉంటుంది, అదే పోయండి. ఈ రకం చేతి స్టీరింగ్‌లకు సాధారణంగా ఐఎస్ఓ వీజీ 15 అంత పల్చటిది, లేదా మిల్-హెచ్-5606 ప్రమాణానికి సరిపోయేది చెబుతారు. రేవుల్లో వించీలకు పోసే చిక్కటి 68 గ్రేడ్ ఆయిల్ పోస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, అందులోంచి బుడగలు త్వరగా విడవవు. మీరు ఇంతకుముందు పోయించినది ఏ ఆయిలో కనుక్కోండి. బ్రేక్ ఆయిల్ అయితే వెంటనే మొత్తం తీయించండి. అది రబ్బరు సీళ్లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, అప్పుడు ఒకటి కాదు, అన్ని చోట్లా కారుతుంది. నడిసముద్రంలో ఆయిల్ అయిపోతే ఏదో ఒక హైడ్రాలిక్ ఆయిల్ పోసి నెమ్మదిగా ఒడ్డుకు చేరవచ్చు, చేరాక దాన్ని పూర్తిగా తీసేయాలి.

అంతా అయ్యాక మూత తీసి, చివరకు తిప్పి నొక్కి చూసే ఆ మొదటి పరీక్షను మళ్లీ చేయండి. మట్టం దిగకూడదు, చుట్లు మళ్లీ ఐదుకు రావాలి. మట్టం ఎక్కడుందో రాసిపెట్టుకుని, పర్యాటకులు లేకుండా ఒకసారి హోప్ ఐలాండ్ దాకా వెళ్లి రండి. తిరిగొచ్చి బోటు చల్లబడ్డాక మళ్లీ చూడండి. వారం పాటు రోజూ పొద్దున చూడండి. మట్టం అలాగే ఉంటే బోటును మళ్లీ పనిలో పెట్టవచ్చు. తగ్గితే ఎంత తగ్గిందో, పౌడరు ఎక్కడ తడిసిందో ఇక్కడ రాయండి, సిలిండర్ రెండు చివర్ల ఫొటోలు కూడా పెట్టండి. అక్కడి నుంచి చూద్దాం.